వాడు లెయ్యడు మేడమ్

హిందూపురం, కదిరి, మదనపల్లె, కర్నూలు, అటు నెల్లూరు దాకా, మనవాళ్ళకి మనసు జబ్బు అనగానే ముందు గుర్తొచ్చే ఊరు బెంగళూరు. హోసూరు రోడ్డు మీద నిమ్హాన్స్ అనే పెద్ద మానసిక ఆసుపత్రి ఉంది కదా, అందుకు. రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి దిగి, ఫైలు పట్టుకుని వరసలో నిలబడే జనంలో తెలుగు మాట వినపడని రోజుండదు. అక్కడో ఇంకో చోటో చూపించుకుంటారు, మందులు మొదలవుతాయి, చెవుల్లో వినపడే గొంతులు తగ్గుతాయి, అన్నంలో ఎవరో ఏదో కలిపారన్న అనుమానం తగ్గుతుంది, నిద్ర పడుతుంది. ఇంట్లోవాళ్ళు అమ్మయ్య అనుకుంటారు. సరిగ్గా అప్పుడు మొదలవుతుంది రెండో కష్టం. నా పని అక్కడే.

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే జబ్బు చేసిన మనిషి తన రోజువారీ పనులు మళ్ళీ తానే చేసుకునేలా సాయపడేదాన్ని. ఇంటర్న్‌షిప్పుతో కలిపి నాలుగున్నరేళ్ళ చదువు. నాతో చదివినవాళ్ళలో ఎక్కువమంది పిల్లల థెరపీలోకో, పక్షవాతం వచ్చినవాళ్ళ వైపుకో వెళ్ళిపోయారు, మానసిక ఆరోగ్యంలోకి వచ్చినవాళ్ళం కొద్దిమందిమే. నేను ఉండేది బెంగళూరులో, మనసు జబ్బు ఉన్నవాళ్ళు పగటిపూట వచ్చి వెళ్ళే ఒక చిన్న డే కేర్ సెంటర్లో. కన్నడ, తమిళం, హిందీ అన్నీ నడుస్తాయి గానీ తెలుగు కేసులు మాత్రం తిరిగి తిరిగి నా బల్ల దగ్గరికే వస్తాయి. ఇక్కడ రాసేది ఏ ఒక్కరి కథా కాదు, ఇద్దరు ముగ్గురివి కలిపి, ఊళ్ళూ వయసులూ మార్చి రాస్తున్నాను, కాబట్టి ఎవరా అని వెతక్కండి.

వచ్చిన ప్రతి అమ్మా దాదాపు ఒకే మాట చెప్తుంది. "వాడు లెయ్యడు మేడమ్. లేసినా మూలకు కూసుంటాడు. పెడితే తింటాడు, పెట్టకుంటే అడగను కూడా అడగడు. నీళ్ళు పోసుకోరా అంటే ఊఁ అంటాడు, పోసుకోడు. జబ్బు తగ్గిందిలే, బద్ధకమే పోలా."

ఆ చివరి మాట దగ్గరే నాకూ వాళ్ళకీ పేచీ. చెవుల్లో గొంతులు, లేనిపోని అనుమానాలు వచ్చే ఈ జబ్బు పేరు స్కిజోఫ్రీనియా, అందులో మందులు గొంతుల మీద, అనుమానాల మీద బాగా పనిచేస్తాయి. కానీ ఒక పని మొదలుపెట్టే చొరవ, ముఖంలో భావం, నలుగురిలోకి వెళ్ళాలన్న కోరిక, ఇవి తగ్గిపోవడం కూడా ఆ జబ్బులో భాగమే, వాటి మీద మందులు అంతగా పనిచేయవు. ఇంట్లోవాళ్ళకి కేకలు వేసేవాడు జబ్బుమనిషి, గోడకేసి చూస్తూ కూర్చున్నవాడు సోమరి. అందుకే బద్ధకం అనే ముందు ఒక్కటి చూడమంటాను: ఏ పనిలో, ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నాడు? మా అసెస్‌మెంట్ అంటే నా లెక్కలో ఇంతే. మిగతా స్కేళ్ళూ ఫారాలూ అన్నీ ఆ ఒక్క సంగతి తెలుసుకోవడానికే.

చాలామంది అసెస్‌మెంట్ అంటే ప్రశ్నలు అడిగి టిక్కులు పెట్టడం అనుకుంటారు. అడిగితే ఏం తెలుస్తుంది చెప్పండి. "వంట చేయగలరా?" అని అడిగితే కొడుకు "చేస్తా" అంటాడు, తల్లి తల అడ్డంగా ఊపుతుంది. ఇద్దరూ అబద్ధం చెప్పరు, ఇద్దరికీ నిజం తెలీదు. అందుకే నేను మా సెంటర్ వంటగదిలోకి తీసుకెళ్ళి టీ పెట్టమంటాను.

ఒక కుర్రాడి సంగతి చెప్తా. కదిరి దగ్గర పల్లె, ఇక్కడ కేఆర్ పురంలో అన్నావదినల ఇంట్లో ఉంటున్నాడు, తల్లి కూడా వచ్చి ఉంది. జబ్బుకి ముందు అన్న నడిపే టూవీలర్ షెడ్డులో పనిచేసేవాడు, బండి సౌండు విని రోగం చెప్పేవాడట. ఇంటివాళ్ళు నింపిన కాగితంలో వంటపని ఎదురుగా "చేతకాదు" అని రాసుంది. "మీ ఇంట్లో ఎలా పెడతారో అలాగే పెట్టండి, మనిద్దరికీ" అని మాత్రం చెప్పి నేను పక్కకు జరిగి నిలబడ్డాను. ఇక్కడ కష్టమైన పని నాదే, నోరు మూసుకుని ఉండటం. గిన్నె తీశాడు. నీళ్ళు రెండు గ్లాసులు కొలిచి పోశాడు, బొట్టు కింద పడకుండా. లైటర్ తొలిసారి వెలగకపోతే మళ్ళీ నొక్కాడు. నీళ్ళు మరిగాయి. అంతే, అక్కడ ఆగిపోయాడు. టీ పొడి డబ్బా చేతికి జానెడు దూరంలో ఉంది. చూస్తున్నాడు, గిన్నెలోకే చూస్తున్నాడు, నీళ్ళు మరిగి మరిగి సగానికి వచ్చాయి. మనకి చెయ్యి లాగేస్తుంది, "పొడి వెయ్ నాయనా" అనేయాలనిపిస్తుంది. అనకూడదు. ముందు అతి చిన్న సాయం ఇచ్చి చూడాలి. "తర్వాత?" అన్నాను, ఒక్క మాటే. వెంటనే "పొడి" అని వేసేశాడు, కొలత కూడా సరిగ్గా. మళ్ళీ ఆగాడు. మళ్ళీ "తర్వాత?" అంటే చక్కెర. పాల ప్యాకెట్ మూల పంటితో కొరికాడు, కత్తెర సొరుగులో ఉంది, కళ్ళ ముందు లేదు కాబట్టి వెతకలేదు.

అంటే అతనికి టీ పెట్టడం వచ్చు. వరస తెలుసు, కొలత తెలుసు, మంట తగ్గించడం తెలుసు. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి తనంతట తాను కదలడం ఒక్కటే రావట్లేదు. "చేతకాదు" అని రాసిన కాగితానికీ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి. చేతకానివాడికి నేర్పాలి. ఇతనికి నేర్పాల్సింది ఏమీ లేదు, కదిలించేది ఏదో ఒకటి కావాలి అంతే.

అయిపోలేదు, గ్లాసుల్లో పోసేటప్పుడు అసలు సంగతి బయటపడింది. చేతులు వణుకుతున్నాయి. గిన్నె అంచు గ్లాసుకి తగిలి టకటకమంది, సగం గట్టు మీద పడింది. రెండు చేతులతో పట్టుకున్నా అంతే. అప్పటిదాకా అవును, కాదు తప్ప మాట్లాడని మనిషి, గుడ్డతో గట్టు తుడుస్తూ అన్నాడు, "అందుకే ఎవురింటికీ పోను మేడమ్. పోతే టీ ఇస్తారు."

తల్లి చెప్పింది "నలుగురిలో కలవడు" అని. ఫైల్లో కూడా అదే రాసి ఉంది. కలవకపోవడానికి కారణం జబ్బొక్కటే కాదు, వణికే చేతిలో పళ్ళెం మీద గడగడలాడే కప్పు. కొన్ని సైకియాట్రీ మందుల వల్ల ఈ వణుకు, ఒళ్ళు బిగుసుకుపోవడం వస్తుంటాయి. చూసింది చూసినట్టు రాసి డాక్టరుగారికి పంపాను, ఆవిడ పిలిపించి చూసి మందులు సరిచేశారు. మందు మార్చడం నా పని కాదు, మీ పని అసలే కాదు (వణుకుతోందని తమంతట తాము మందు ఆపేసి, తిరగబెట్టి, మళ్ళీ అడ్మిషన్‌కి వచ్చినవాళ్ళు ఎంతమందో). ఈలోగా ఇంట్లో పింగాణీ కప్పు మానేసి, కాస్త బరువున్న స్టీలు గ్లాసులో సగానికే పోసి ఇమ్మన్నాను. ఇక టీ సంగతి: పొడి, చక్కెర, పాలు, వడకట్టు ఒక ట్రేలో ఎడమ నుంచి కుడికి వరసగా పెట్టించాం. ఒకటి వాడాక చెయ్యి దానంతటదే పక్కదాని మీదికి వెళ్తుంది. నేను "తర్వాత?" అనాల్సిన అవసరం లేదు, ట్రే అంటుంది.

రెండోది, రోజు కాగితం. మా చదువులో దీనికి పెద్ద పేర్లే ఉన్నాయి, నేను మాత్రం కుటుంబాలకి ఒక తెల్ల కాగితం మీద పొద్దున ఐదు నుంచి రాత్రి పన్నెండు దాకా అరగంటకో గడి గీసి ఇస్తాను. ఏం చేశాడో రాయండి, ఏమీ చేయకపోతే "కూర్చున్నాడు" అని రాయండి, తిట్టు రాయొద్దు. ఒక వారం. ఈ కుర్రాడికి వాళ్ళ వదిన రాసింది, పాపం చాలా శ్రద్ధగా. పొద్దున పదకొండు దాకా "పడుకున్నాడు" అనే గళ్ళే. నేను మాత్రం ముందు రాత్రి గళ్ళు చూశాను. మాత్ర వేసుకునేది పదకొండున్నర, ఒక్కోరోజు పన్నెండు! ఎందుకయ్యా అంటే మందుల కవర్ అన్న దగ్గర ఉంటుంది, అన్న షెడ్డు మూసి ఇంటికొచ్చి, తిని, అప్పుడు ఇస్తాడు. మత్తు తెచ్చే మాత్ర అర్ధరాత్రి మింగితే తెల్లారి ఎవరు లేస్తారు? నేనైనా లేవను. డాక్టరుగారిని అడిగి ఎనిమిదిన్నరకి మార్పించాం, కవర్ వదిన చేతికి వచ్చింది. కొన్నాళ్ళకి ఏడున్నర, ఎనిమిది మధ్య లేవడం మొదలైంది. ఆ ఇంట్లో బద్ధకం అనుకున్నదాంట్లో సగం ఆ మూడు గంటలే.

ఇక స్నానం. ఇది వంటగదిలో తేలే విషయం కాదు, ఇంటికి వెళ్ళాల్సిందే. ఇంటికి వెళ్ళడం మాలో చాలామందికి కుదరదు, బెంగళూరు ట్రాఫిక్‌లో ఒక ఇల్లు చూసొస్తే ఒక పూట పోతుంది, సెంటర్లకి అది దండగలా కనిపిస్తుంది. నా ఉద్దేశంలో మూడు గంటల టెస్టుల కంటే ఆ ఒక్క పూట మేలు. నేను వెళ్ళింది 2024 వేసవిలో, బోర్లు ఎండిపోయి ఊరంతా ట్యాంకర్ల వెంట పడిన ఆ రోజుల్లో. రెండో అంతస్తు ఇల్లు, కొళాయిలో నీళ్ళు లేవు, కింద సంపు నుంచి బకెట్లతో మోసుకోవాలి. ఎవరి స్నానానికి వాళ్ళే తెచ్చుకోవాలని ఇంట్లో ఒప్పందం, అందులో తప్పేం లేదు. కానీ ఆ సంపు దగ్గర ఎప్పుడూ నలుగురైదుగురు ఉంటారు, అందరూ మన తెలుగువాళ్ళే, అందరూ మంచివాళ్ళే, అందరూ అడిగేది ఒకటే: "ఏం బాబూ, ఇప్పుడేం పని చేస్తున్నావు?"

మా వృత్తిలో గ్యారీ కీల్‌హాఫ్నర్ అనే ఆయన 1980లో సహచరులతో కలిసి ఒక నమూనా ప్రచురించాడు, ఇప్పటికీ మేమంతా దాన్ని పట్టుకునే నడుస్తాం. మనిషి ఒక పని చేయడానికి నాలుగు చూడమంటుంది: చేయాలన్న ఇష్టం, రోజువారీ అలవాటు, ఒంట్లోనూ బుర్రలోనూ ఉన్న సత్తా, చుట్టూ ఉన్న పరిస్థితి. స్నానం విషయంలో కుర్రాడికి సత్తా ఉంది, ఇష్టం కూడా ఉంది, చెమట వాసన తనకే చిరాగ్గా ఉందన్నాడు. అడ్డం వచ్చింది సంపు, సంపు దగ్గరి ప్రశ్న. అన్న తెల్లవారుజామున అయిదున్నరకి తన బకెట్లతో పాటు ఇంకో బకెట్ తెచ్చి పెట్టేట్టు మాట్లాడుకున్నాం. అంతే. దీన్ని థెరపీ అంటారా అని అన్న నవ్వాడు. అనండి, అనకపోండి, తమ్ముడు నీళ్ళు పోసుకుంటున్నాడు కదా.

ఇలా ఒక్కో ఇంటిని బట్టి చూడకుండా అందరికీ ఒకే మందు వేసే చోట్లు ఉన్నాయి, అదే నాకు ఒళ్ళుమంట. నేను ఇంతకుముందు ఒకచోట పనిచేశాను, పేరు ఎందుకులెండి. అక్కడ ఆక్యుపేషనల్ థెరపీ అంటే పొద్దున పది నుంచి పన్నెండున్నర దాకా పేపర్ కవర్లు అంటించడం. లెక్చరరైనా కవర్లే, లారీ డ్రైవరైనా కవర్లే, ఇంటర్ పిల్లైనా కవర్లే. ఎందుకు ఈ పని ఇతనికి అని అడిగితే జవాబు లేదు, "బిజీగా ఉంటారు కదా" అన్నారు. పని చేయించడమే చికిత్స అనే ఆలోచన కొత్తదేం కాదు, తప్పుదీ కాదు. పని, ఆట, విశ్రాంతి, నిద్ర, వీటి లయ తప్పడం దగ్గరే మానసిక రోగాన్ని చూడాలని అడాల్ఫ్ మేయర్ అనే సైకియాట్రిస్టు 1922లోనే రాశాడు. మన దేశంలో కమలా నింబ్కర్ 1950లో ముంబైలో ఆక్యుపేషనల్ థెరపీ స్కూలు మొదలుపెట్టారు. చెన్నైలో సైకియాట్రిస్టు శారదా మీనన్ కీల్పాక్ మానసిక ఆసుపత్రిలో రోగులు పనిచేస్తూ కోలుకునే ఇండస్ట్రియల్ థెరపీ సెంటర్ తెచ్చారు, తర్వాత 1984లో స్కిజోఫ్రీనియా రోగుల కోసం స్కార్ఫ్ సంస్థ స్థాపించారు. నిమ్హాన్స్‌లో కూడా బేకరీ, కుట్టుపని, నేత లాంటి విభాగాలు ఉన్నాయి, అక్కడి బ్రెడ్డు కొనుక్కెళ్ళేవాళ్ళని చూశాను. తేడా అంతా ఎవరికి ఏ పని, ఎందుకు, ఎంతసేపు, ఆ తర్వాత ఏంటి అన్న దగ్గరే ఉంటుంది. బ్రెడ్డు పిండి కలిపేవాడికి టైముకి రావడం అలవాటు కావాలా, పక్కవాడితో మాట్లాడటం కావాలా, చేతుల బలం కావాలా? అది తేల్చకుండా పిండిలో చేతులు పెట్టిస్తే అది కూడా కవర్లు అంటించినట్టే.

మా ఫారాల గురించి కూడా చెప్పాలి, సగం వాటిని చూస్తే నవ్వొస్తుంది. ఇష్టాల జాబితా ఒకటుంది, 1969లో అమెరికాలో తయారైంది, ఇప్పటికీ కాలేజీల్లో చెప్తారు. అందులో గోల్ఫ్ ఉంటుంది. గోరంట్ల నుంచి వచ్చిన పెద్దాయన్ని కూర్చోబెట్టి "గోల్ఫ్ అంటే బాగా ఇష్టమా, కొంచెమా, అస్సలు లేదా" అని అడగాలన్నమాట. నేను నా జాబితా రాసుకున్నాను: భజన, కోలాటం, పులిజూదం, చింతపండు కొట్టడం, శనక్కాయలు ఒలవడం, క్రికెట్ స్కోరు చూడటం, రీల్స్, గొర్రెలు, బండి కడగడం, పూలు కట్టడం. కోలాటం దగ్గర కళ్ళెత్తిన ఆడవాళ్ళు, గొర్రెల దగ్గర పావుగంట మాట్లాడిన పెద్దాయన, ఇలా బోలెడు.

కొన్ని మాత్రం బంగారం. తోలు ముక్క చుట్టూ ఉన్న రంధ్రాల్లో తాడుతో కుట్టించే పరీక్ష ఒకటి, క్లాడియా ఆలెన్ అనే థెరపిస్టు పేరు మీద. ముందు మామూలు కుట్టు, తర్వాత అంచు చుట్టూ తిప్పే కుట్టు, ఆ తర్వాత కాస్త చిక్కుగా ఉండేది. చూపించి చేయమంటాం, మధ్యలో మనమే ఒక తప్పు కుట్టు కుట్టి ఇస్తే పట్టుకుని సరిచేస్తారా లేదా చూస్తాం. కొత్త విషయం నేర్చుకోవడంలో మనిషి ఇప్పుడు ఏ స్థాయిలో ఉన్నాడో దాంతో అంచనా దొరుకుతుంది. నాలుగో స్థాయి దగ్గర ఉన్నవాళ్ళు కంటికి కనిపించేదాన్ని బట్టి పని చక్కబెడతారు, కనిపించని ప్రమాదం వాళ్ళ లెక్కలోకి రాదు. పొయ్యి ఆర్పి సిలిండర్ నాబ్ మర్చిపోతారు, వేడి గిన్నె అని తెలిసేలోపు ముట్టుకుంటారు. వీళ్ళని వంటింట్లోకి రానివ్వొద్దని కాదు నేననేది, ఇండక్షన్ స్టవ్ పెట్టండి, రోజుకోసారి ఎవరో ఒకరు చూసుకోండి అని. భయపడి వంటింటికి తాళం వేసిన ఇళ్ళు చూశాను, కోడలికి జబ్బు చేసిందని అత్తగారు ప్రేమతోనే గరిటె తీసేసుకుంటుంది, ఏడాది తిరిగేసరికి ఆ పిల్లకి నిజంగానే చేతకాకుండా పోతుంది, అప్పుడు "ఏమీ చేయదండీ" అంటారు.

అలాంటి ఇంట్లో నేను వెనక నుంచి మొదలుపెడతాను. కూర మొత్తం అత్తగారే చేయాలి, చివర తిరగవాత మాత్రం కోడలు వెయ్యాలి. ఆవాలు చిటపటమన్నాయి, కరివేపాకు పడింది, వాసన వచ్చింది, కూర పూర్తయింది, పూర్తి చేసింది తను. అది కుదిరాక తిరగవాతకి ముందు మెట్టు, ఉప్పూకారం వేయడం. ఆ తర్వాత దానికి ముందుది. మొదటి మెట్టు నుంచి నేర్పితే ఉల్లిపాయలు తరిగేసరికే అలిసిపోయి వదిలేస్తారు, రోజూ సగం పనే మిగులుతుంది, రోజూ తిట్లే మిగుల్తాయి.

వైకల్య సర్టిఫికెట్ గురించి అడిగేవాళ్ళు చాలామంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల్లో మానసిక అనారోగ్యం కూడా ఉంది, 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే చాలా పథకాలకి అర్హత వస్తుంది. ఆ శాతం లెక్క కట్టేది ఐడియాస్ అనే స్కేలుతో, మన దేశపు సైకియాట్రిస్టులు తయారుచేసిందే. తనను తాను చూసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడటం-అర్థం చేసుకోవడం, పని, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు. జబ్బు ఎన్నేళ్ళ నుంచి ఉందన్నదానికి కూడా కొన్ని మార్కులు. తప్పకుండా చేయించుకోండి, పింఛను ఇంటికి చాలా ఆసరా. కానీ ఆ అంకె వచ్చిందని సోమవారం పొద్దున ఏం చేయాలో తెలియదు. "స్వీయ సంరక్షణ 2" అన్న అంకెలో సంపు కనపడదు, ఎవరడిగారో కనపడదు. కొన్ని ఇళ్ళల్లో ఇంకో చిక్కు, కాస్త పని చేస్తే శాతం తగ్గిస్తారేమోనని భయపడి మనిషిని కదలనివ్వరు. వాళ్ళని తప్పుపట్టలేను, ఆ డబ్బు నిజంగా అవసరమే.

ఇంకో అమ్మాయి. నెల్లూరు నుంచి వచ్చి మారతహళ్ళి పీజీలో ఉండి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేది, తీవ్రమైన డిప్రెషన్‌తో మానేసింది. తండ్రి వచ్చి కూర్చోగానే "మళ్ళీ జాబ్‌కి ఎప్పుడు పోతుందమ్మా" అన్నారు. కెనడా వాళ్ళ కొలత ఒకటి మేం వాడతాం, అందులో మనిషే తనకి ముఖ్యమైన సమస్యలు ఐదు దాకా ఎంచుకుని, ఎలా చేస్తున్నాను, ఎంత తృప్తిగా ఉన్నాను అని పదికి మార్కులు తానే వేసుకోవాలి, కొన్నాళ్ళకి మళ్ళీ వేసుకోవాలి, రెండు మార్కులు పెరిగితే నిజమైన మార్పు కింద లెక్క. తండ్రిని బయట కూర్చోమని అమ్మాయిని అడిగాను. ఉద్యోగం ఊసే లేదు ఆ ఐదింటిలో. మొదటిది: ఒక్కదాన్నే బస్సెక్కి వెళ్ళడం, చేస్తున్నది 2, తృప్తి 1.

సరే బస్సే. ముందు స్టాపు దాకా నడిచి బస్సులు చూసి వచ్చేయడం. తర్వాత నాతో రెండు స్టాపులు. తర్వాత నేను వెనక సీట్లో, తను ముందు. తర్వాత తను బస్సులో, నేను ఫోన్లో. తనని ఎక్కువ బెదరగొట్టింది రద్దీ కాదు, కండక్టరు. కర్ణాటకలో ఆడవాళ్ళకి ఉచిత బస్సు 2023 జూన్ నుంచి ఉంది గానీ అది ఇక్కడి చిరునామా ఉన్నవాళ్ళకే, తన ఆధార్‌లో నెల్లూరు ఉంది. అందరూ ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటుంటే తను మాత్రం డబ్బులు తీసి, కన్నడంలో స్టాపు పేరు చెప్పి టికెట్ అడగాలి, అందరూ తననే చూస్తున్నట్టు టెన్షన్. ఆ ఒక్క వాక్యం మా సెంటర్లో ఎన్నిసార్లు ప్రాక్టీసు చేశామో, నేనే కండక్టర్ని, ఒకసారి మంచి కండక్టరు, ఒకసారి చిల్లర లేదని గద్దించే కండక్టరు. "ఒందు టికెట్ కొడి" అని చెప్పి, గద్దించినా నిలబడి, చిల్లర తీసుకుని కూర్చుంది చివరికి. ఆ ఐదు సమస్యల్లో ఉద్యోగం లేకపోవడం తండ్రికి చాలారోజులు మింగుడుపడలేదు. బస్సెక్కలేని మనిషి ఆఫీసుకి ఎలా వెళ్తుందండీ అని నేను అడిగితే క్యాబ్ ఉంది కదా అన్నారు. ఉంది, నిజమే, కాదనను. తనకి మాత్రం బస్సు కావాలి.

దూరం నుంచి వచ్చేవాళ్ళకి ఇవన్నీ ఎలా కుదురుతాయి అంటారు. కుదరదు, ఒప్పుకుంటా. నెలకోసారి మందులకి వచ్చినప్పుడు ఒక గంట దొరికితే ఎక్కువ. అందుకే రోజు కాగితం ఇంటికిచ్చి పంపుతాను, వాట్సాప్‌లో ఫోటో పెట్టమంటాను, వంటింటి వీడియో తీయించి చూస్తాను. మధ్యలో ఏదైనా తేడా వస్తే 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్ నుంచి ఉంది, తెలుగులో మాట్లాడతారు, ఇరవై నాలుగు గంటలూ, డబ్బు కట్టక్కర్లేదు. వచ్చేటప్పుడు ఫైలుతో పాటు మాత్రల ఖాళీ స్ట్రిప్పులు కూడా తెండి. ఎన్ని మింగాడో ఎన్ని దిండు కింద పెట్టాడో మాట కంటే స్ట్రిప్పు బాగా చెప్తుంది. ఇంకోటి, ఇంట్లో ఎక్కువసేపు అతనితో గడిపే మనిషి రావాలి. మేనమామ, ఊరిపెద్ద, పక్కింటి చదువుకున్నాయన వస్తారు, చక్కగా మాట్లాడతారు, పొద్దున ఎన్నింటికి లేస్తాడంటే మొహాలు చూసుకుంటారు.

కదిరి కుర్రాడు ఇప్పుడు అన్న షెడ్డుకి వెళ్తున్నాడు, పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా. ముందు శిక్షణ, తర్వాత పని అని కాకుండా, నేరుగా అసలు పనిచోటికే పంపి అక్కడే సాయం చేయడం మేలని ఈ రంగంలో ఎన్నాళ్ళుగానో చెప్తున్నారు, నాకూ అదే నచ్చుతుంది. తొలిరోజుల్లో పంక్చర్లు, ఆయిల్ మార్చడం, ఇలా మొదలూ చివరా కళ్ళ ముందే కనిపించే పనులు ఇచ్చాం. గోడ మీద పనిముట్ల బొమ్మలు గీయించి, ఏది ఎక్కడ తగిలించాలో, ఏది తీస్తే తర్వాత ఏది తీయాలో కనపడేట్టు చేశాం, వంటింట్లో ట్రే చేసిన పని ఇక్కడ గోడ చేస్తుంది. కస్టమర్లతో మాట్లాడే పని ఇంకా ఇవ్వలేదు. మొన్న ఒక పాత బండి స్టార్ట్ చేయగానే తలెత్తి "ట్యాపెట్" అన్నాడట, అన్న ఫోన్ చేసి మరీ చెప్పాడు.

ఆ ఫోన్లోనే, "ఉగాది నుంచి రాత్రి దాకా ఉంచుకుంటా మేడమ్, బాగైపోయినాడు కదా" అన్నాడు. వద్దు, ముందు మధ్యాహ్నం భోజనం తర్వాత ఒక గంట మాత్రమే కలపండి, ఒక నెల చూద్దాం అన్నాను. ఆయనకి మెకానిక్ దొరకట్లేదు, ఆయన తొందర ఆయనది. ఇంకా తేలలేదు, శనివారం షెడ్డుకి రమ్మన్నాడు, వెళ్ళి మాట్లాడాలి.